యవ్వనస్తుల కూడికలో వినిపించని పొలం మాట

హైదరాబాద్, సికింద్రాబాద్ చర్చిల్లో యవ్వనస్తుల కూడికలు జరిగేటప్పుడు కొన్నిచోట్ల ప్రశ్నల పెట్టె పెడతారు. పేరు రాయకుండా చీటీ వేయొచ్చు. సంఘం ఏదైనా ఆ పెట్టెలోకి వచ్చే చీటీ ఒకటి ఉంటుంది. విశ్వాసి సినిమా చూడొచ్చా? ఈ మధ్య అదే చీటీ కొత్త రూపాల్లో వస్తోంది. వెబ్ సిరీస్ చూడొచ్చా, లోక పాటకు రీల్ చేయొచ్చా, ఐపీఎల్ మ్యాచ్ కోసం ఆదివారం ఆరాధన మానేస్తే తప్పా అని అడుగుతారు. జవాబు చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. ఒక పాస్టరు గారు ససేమిరా వద్దంటారు. ఇంకొకరు మితంగా అయితే ఫర్వాలేదంటారు. పిల్లలు ఎవరి జవాబు తమకు నచ్చితే దాన్ని పట్టుకుని ఇంటికెళ్తారు.

ఆ పెట్టెలో వడ్ల ధర గురించిన చీటీ మాత్రం కనబడదు. ఇది ఆలోచించాల్సిన విషయం. ఎందుకంటే ఆ గదిలో కూర్చున్న చాలామంది పిల్లల అమ్మమ్మలు, తాతయ్యలు మెదక్, నల్లగొండ, ఖమ్మం, వరంగల్ వైపు ఊళ్లలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలకు పోయి బతికినవాళ్లు. ఒక తరం కిందటే పొలం వదిలి నగరానికి వచ్చారు. మనవళ్లకు సినిమా మీద, న్యూస్ చానెళ్ల మీద గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. వ్యవసాయం మీద కూడా ఉన్నాయి, కానీ అవి ఆ చానెళ్ల నుంచి, ఆ సినిమాల నుంచి వచ్చినవే. తాత దగ్గర్నుంచి వచ్చినవి కావు.

అందుకే మీడియా, వినోదం, వ్యవసాయం అనే మూడింటినీ విడివిడిగా చూస్తే అసలు సంగతి దొరకదు. నగర క్రైస్తవ యువతకు చిన్నప్పటి నుంచి నేర్పిన ప్రశ్న ఒకటే: దీనివల్ల నాకు పాపం అంటుతుందా? మంచి ప్రశ్నే. కానీ వాక్యం, అంటే బైబిల్, అంతే గట్టిగా అడిగే ఇంకో ప్రశ్న పక్కకు పోయింది: దీనివల్ల నా పొరుగువాడికి ఏమవుతోంది? ఈ రెండో ప్రశ్న అడిగిన రోజు తెర, వార్త, పొలం మూడూ ఒకేచోటికి వస్తాయి.

ముందు సినిమా సంగతి. సంఘానికి సినిమా మీద ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు. కూలి చేసుకుని బతికే మొదటి తరం విశ్వాసులకు కల్లు దుకాణం, సెకండ్ షో రెండూ ఆ రోజు కూలి డబ్బును మింగేవే. అవి మానేస్తే ఇంట్లో పొయ్యి వెలిగేది, పిల్లలు బడికి పోయేవాళ్లు. ఆ కట్టుబాటు వల్ల బాగుపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దాన్ని ఛాదస్తం అని కొట్టిపారేసే యువత ఆ చరిత్రను ఒకసారి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

అలాగని తెరే శత్రువని మన సంఘాలు ఎప్పుడూ నిజంగా అనుకోలేదు. 1978లో విజయచందర్ క్రీస్తుగా వేసిన కరుణామయుడు వచ్చినప్పుడు, సినిమా పాపం అన్న సంఘాలే ఊరి మధ్యలో తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టర్ పెట్టి ఆ బొమ్మ వేయించాయి. అంతకంటే ముందుకు పోతే గుర్రం జాషువా కనిపిస్తారు. తెలుగు క్రైస్తవుల్లో అంతటి కవి ఇంకొకరు లేరు. ఆయన 1915–16 ప్రాంతంలో రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశారు. మాటలు లేని మూకీ సినిమాల రోజులవి. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథను, సంభాషణలను చదివి వినిపించడం ఆ ఉద్యోగం. తర్వాత 1941లో వచ్చిన ఆయన కావ్యం గబ్బిలంలో, చెమటోడ్చి లోకానికంతా తిండి పెట్టేవాడికే తిండి లేదని రాశారు. తెర పక్కన నిలబడి చదివిన గొంతూ, పొలంలో పనివాడి ఆకలి చెప్పిన గొంతూ ఒకే మనిషివి. ఈ రోజు యవ్వనస్తుల కూడికలో వేరువేరుగా కనిపించే రెండు విషయాలు ఆయన జీవితంలో కలిసే ఉన్నాయి.

ఇప్పుడు థియేటర్ గేటు దగ్గర కాపలా కాసే కాలం పోయింది. ఫోన్‌కు గేటు లేదు. ఏ సినిమా చూశారన్నది పెద్ద సమస్య కూడా కాదు. యువతను నిజంగా దెబ్బతీస్తున్నది వినోదం పేరుతో వచ్చిన డబ్బు ఆటలు, బెట్టింగ్ యాప్‌లు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. అయినా యాప్‌లు ఆగలేదు. వాటికి ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద 2025 మార్చిలో హైదరాబాద్‌లో కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో ఈ డబ్బు ఆటలను నిషేధిస్తూ కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు ఈ నగరంలో అందరూ చదివినవే. సినిమా చూడొచ్చా అని చీటీ వేసే పిల్లవాడు బెట్టింగ్‌లో పోగొట్టుకున్న డబ్బు గురించి చీటీ వేయడానికి భయపడతాడు. ఆ భయం పోగొట్టగలిగితే కూడిక పెట్టినందుకు ఫలితం ఉన్నట్టే.

సినిమా రైతును ఎలా చూపిస్తోందన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. 1939లో గూడవల్లి రామబ్రహ్మం రైతుబిడ్డ తీస్తే జమీందార్లు దానికి అడ్డుపడ్డారు, కొన్నిచోట్ల నిషేధం కూడా పడింది. ఎవరి భూమి, ఎవరి కష్టం, ఎవరి పెత్తనం అన్నది ఆ సినిమా నేరుగా మాట్లాడింది కాబట్టే కొందరికి అంత కోపం వచ్చింది. ఈ కాలం పెద్ద సినిమాల్లో ఎక్కువగా కనిపించేది వేరు. విదేశంలోనో హైటెక్ సిటీలోనో డబ్బు సంపాదించిన హీరో చివరి అరగంటలో ఊరికి వచ్చి, పంచె కట్టి, రైతుల కోసం ఒక ప్రసంగం చేస్తాడు. చూసేవాడికి కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ పొలంలో నాట్లు వేసిన ఆడవాళ్లకు ఆ రోజు కూలి ఎంత ఇచ్చారో తెరమీద ఎక్కడా రాదు. సినిమా నుంచి రైతు గురించి అభిప్రాయం ఏర్పరచుకున్న యువకుడికి రైతు అంటే భూమి ఉన్న మగవాడు. కూలి మనిషి, కౌలు మనిషి, కలుపు తీసే మనిషి ఆ బొమ్మలో లేరు.

ఇక వార్తల సంగతి. పది ఆజ్ఞల్లో తొమ్మిదోది (కాథలిక్కుల లెక్కలో ఎనిమిదోది) పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దంటుంది. కోర్టులో అబద్ధం చెప్పకూడదనే దాన్ని చాలామంది అర్థం చేసుకుంటారు. ఫోన్‌లో ఫార్వర్డ్ నొక్కడం కూడా సాక్ష్యం పలకడమే అని ఎవరూ చెప్పరు. చర్చి గ్రూపుల్లో ఉన్న ఎవరికైనా ఈ మెసేజ్ గుర్తుండే ఉంటుంది: ఆఫ్ఘనిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు రేపు మరణశిక్ష, వెంటనే ప్రార్థన చేసి అందరికీ పంపండి. ఆ మెసేజ్ 2009 ప్రాంతం నుంచి తిరుగుతోంది. ప్రతిసారీ 'రేపే' అంటుంది. పంపేవాళ్లు మంచివాళ్లే, కన్నీళ్లతో ప్రార్థించేవాళ్లే. కానీ అది అబద్ధం. అబద్ధాన్ని ప్రార్థన మనవిగా మార్చినా అది నిజం కాదు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మణిపూర్‌లో 2023 మే 3న హింస మొదలైంది. ఇద్దరు స్త్రీలను వివస్త్రలను చేసి ఊరేగించిన ఘటన ఆ మర్నాడే, మే 4న జరిగింది. ఆ వీడియో దేశం కంటపడింది జూలై 19న. అప్పటిదాకా, రెండున్నర నెలలు, ఇంటర్నెట్ లేక, పెద్ద చానెళ్లు పట్టించుకోక ఆ స్త్రీల మాట బయటికి రాలేదు. నిజంగా గొంతు కావాల్సినవాళ్లకు గొంతు లేని రోజుల్లో, మన గ్రూపులు పాత అబద్ధాలతో నిండి ఉంటే, నిజమైన కబురు వచ్చినప్పుడు ఇదీ అలాంటిదేనేమో అని పక్కన పెట్టేస్తారు. అబద్ధపు కబురు నిజమైన బాధితుడి మీద కూడా అబద్ధ సాక్ష్యమే అవుతుంది.

వాట్సాప్ 2018లోనే భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. రెండు బాణం గుర్తులు కనిపిస్తే అది అలాంటిదని అర్థం. హైదరాబాద్ నుంచే పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ చేస్తున్నాయి. ఐదు నిమిషాలు వెతికితే తేలిపోతుంది. వెతకాలన్న బాధ్యత మనసులో ఉండాలి, అంతే. యూట్యూబ్‌లో ఒక సేవకుణ్ణి ఇంకో సేవకుడు తిట్టే వీడియోలను, గుచ్చే థంబ్‌నెయిల్స్‌ను షేర్ చేసే యువతకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఈ మీడియా రైతును ఎలా చూపిస్తుందో చెప్పడానికి 2021 సరిపోతుంది. ఆ ఏడాది చివర్లో యాసంగి (రబీ) వడ్ల మీద పెద్ద గొడవ నడిచింది. ఉప్పుడు బియ్యం (వడ్లను ఉడకబెట్టి, ఆరబెట్టి మర పట్టిన బియ్యం) తీసుకోలేమని కేంద్రం, అలాగైతే యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్రం. 'వరి వేస్తే ఉరే' అన్న మాట ఊరూరా వినిపించింది. చానెళ్లలో రోజూ డిబేట్లు. అన్నీ పార్టీల గొడవగానే నడిచాయి. అసలు యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యంగానే ఎందుకు మారుస్తారో అడిగిన డిబేట్ అరుదు. కారణం చాలా సాదా. యాసంగి పంట ఏప్రిల్, మే ఎండల్లో కోతకు వస్తుంది. ఆ వేడికి గింజ లోపల పగుళ్లు పడతాయి. పచ్చి బియ్యంగా మర పడితే ఎక్కువ భాగం నూకే వస్తుంది. ఉడకబెట్టి ఆరబెడితే గింజ గట్టిపడి విరగకుండా ఉంటుంది. ఈ రెండు ముక్కలు తెలిస్తే నగరంలో కూర్చున్నవాడికి కూడా రైతు ఇరుకు అర్థమవుతుంది. తెలియకపోతే ఏ పార్టీని తిట్టాలన్నదే మిగులుతుంది. మన యువత చాలామంది ఆ రెండో దానితో ఆగిపోయారు.

కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల మీద ఢిల్లీ సరిహద్దులో 2020 నవంబర్ 26 నుంచి జరిగిన ఉద్యమం విషయంలోనూ అంతే. 2021 నవంబర్ 19న వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించేదాకా ఏడాది పాటు సోషల్ మీడియాలో అందరూ ఏదో ఒక పక్షం పట్టారు. ఆ చట్టాల్లో ఏముందో చదివినవాళ్లు ఎంతమంది?

రైతు ఎవరన్న ప్రశ్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది. తెలంగాణలో 2018 మే 10న రైతుబంధు మొదలైంది. మొదట ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, తర్వాత 5,000. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో అది 6,000 అయింది. ఈ డబ్బు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లకు వెళ్తుంది. భూమిని కౌలుకు తీసుకుని, అప్పు చేసి, ఎరువులు, పురుగుమందులు కొని పండించేవాడికి కాదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చి బ్యాంకు అప్పు ఇప్పించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం వచ్చింది. చట్టం ఉంది, కార్డు చేతికి రావడం గగనం. కార్డిస్తే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని ఒప్పుకోడు. యజమాని ఒప్పుకోకపోతే కౌలు మాట నోటి మాటగానే ఉంటుంది. రైతుబీమా 5 లక్షలు కూడా 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారుకే. కౌలు రైతు ప్రాణం తీసుకుంటే భార్యకు ఆ డబ్బు రాదు.

భూమి అసలే లేని కూలీల కోసం 2025 జనవరి 26నే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని ఏడాదికి 12,000 రూపాయల పథకం మొదలుపెట్టారు. ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి, సొంత భూమి ఉండకూడదు. కొద్ది గుంటల భూమి ఉన్నా దీనికి అర్హత పోతుంది, ఆ గుంటలకు వచ్చే రైతు భరోసా మాత్రం వందల్లోనే ఉంటుంది. ఏదేమైనా కూలి మనిషి వ్యవసాయంలో భాగమని ఒక పథకం ఒప్పుకోవడం మంచి అడుగు.

క్రైస్తవ యువతకు ఇది బయటి విషయం కాదు. తెలంగాణ పల్లెల్లోని సంఘాల్లో ఎక్కువ మంది భూమి లేని దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేసిన సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఉంది. క్రైస్తవులుగా నమోదైన దళితులు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ వర్గంలోకి వెళ్తారు, ఆ వర్గానికి రిజర్వేషన్ ఒక శాతం. 2014లో భూమి లేని దళిత కుటుంబాలకు మూడెకరాలు ఇస్తామన్న పథకం ఎస్సీలకు పెట్టింది. బీసీ-సీ సర్టిఫికెట్ ఉన్న కుటుంబం అందులోకి రాలేదు. అంటే పొలంలో అదే పని చేసి, అదే వాడలో ఉండి, కాగితం మీద పేరు మారినందుకు భూమికి ఇంకో మెట్టు దూరమైంది. ఈ మాట న్యూస్ చానెల్‌లో వినబడదు. విచారం ఏమిటంటే, నగరంలో పెద్ద పెద్ద స్క్రీన్లు పెట్టుకున్న చర్చిల్లోనూ వినబడదు.

వాక్యం మాత్రం దీని గురించి మౌనంగా లేదు. లేవీయకాండం 19వ అధ్యాయం చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దంటుంది, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయమంటుంది. అదే అధ్యాయం కూలివాడి కూలిని తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. రూతు కథ అంతా ఆ పరిగె మీదే నడుస్తుంది. భూమి లేని విధవరాలు, అందులోనూ వేరే దేశం మనిషి, పరాయి చేనులో కంకులు ఏరుకుని అత్తను పోషించింది. పరిగె ఏరడం మన ఊళ్లలోనూ ముసలమ్మలకు, పిల్లలకు తెలిసిన పనే. వరికోత మిషన్లు వచ్చాక కోత కూలీ పోయింది, దానితో పాటు పరిగె కూడా పలచబడింది. రూతు మీద ప్రసంగం వినే నగర యువత దాన్ని పెళ్లి కథగా వింటుంది. అది భూమి కథ, కూలి కథ కూడా.

సామెతల గ్రంథం దొంగ త్రాసు దేవుడికి అసహ్యం అంటుంది. ఈ మాటకు ఈనాటి అర్థం కావాలంటే కోతల కాలంలో ఏ ఐకేపీ సెంటర్‌కైనా (మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రానికి) వెళ్లాలి. వడ్లు రోడ్డు మీద ఆరబోసి, పైన టార్పాలిన్ కప్పి, వాన పడుతుందేమోనని రాత్రంతా కాపలా ఉంటారు. తేమ 17 శాతం దాటితే కొనరు. తాలు (గింజ లేని పొట్టు) ఉందంటారు. చివరికి కాంటా వేసేటప్పుడు 40 కిలోల బస్తా మీద తరుగు పేరుతో ఇంకొంత ఎక్కువ తూస్తారన్నది రైతులు ఏటా చేసే ఫిర్యాదు. 2025–26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. టీవీలో కనిపించేది ఈ అంకె. బస్తాకు రెండు కిలోలు తరుగు పోతే క్వింటాలుకు 5 కిలోలు, అంటే దాదాపు 118 రూపాయలు పోయినట్టు. టీవీలో ఇది రాదు.

నగరంలో ఉన్నవాళ్లకు పొలం దూరమన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. సికింద్రాబాద్ చర్చిల నుంచి బోయిన్‌పల్లి మార్కెట్ ఎంత దూరం? 1999 నుంచి నడుస్తున్న రైతుబజార్లు ఎర్రగడ్డలో, మెహదీపట్నంలో ఉన్నాయి. 2023 జూలైలో టమాటా కిలో 200 దాకా పోయినప్పుడు అన్ని చానెళ్లూ మార్కెట్లో మైకు పెట్టాయి. ధర పడిపోయి రైతు టమాటా గంపలు రోడ్డు పక్కన పారబోసిన రోజున ఒక నిమిషం వీడియో వస్తుంది, అంతే. కొనేవాడి నొప్పి వార్త అవుతుంది, అమ్మేవాడి నొప్పి వీడియో క్లిప్ అవుతుంది.

దీనికి ఎదురుగా నిలిచే పని ఒకటి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్ఎం. దళిత ఆడవాళ్లే మాట్లాడతారు, వాళ్లే రికార్డు చేస్తారు, వాళ్లే నడుపుతారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతి దొరికే విధానం 2006లో గానీ రాలేదు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని ఈ ఆడవాళ్లు జొన్నలు, కొర్రలు, పాత విత్తనాలు, తమ పాటలు, తమ పంటల కబుర్లు అందులో చెప్పుకున్నారు. కెమెరా పట్టి పత్తి రైతుల నష్టాల మీద సినిమాలు కూడా తీశారు. మీడియా, వినోదం, వ్యవసాయం వాళ్లకు మూడు కాదు. మైకు ఎవరి చేతిలో ఉందన్న ఒక్కదానితో మొత్తం మారిపోయింది. చర్చిలో కెమెరాలు, స్విచ్చర్లు, లైవ్ స్ట్రీమింగ్ నడిపే కుర్రాళ్లు మన దగ్గర వందల్లో ఉన్నారు. ఆ చేతులకు ఈ పని కొత్తేమీ కాదు.

సీఎస్ఐ, మెథడిస్టు సంఘాల్లో ఏటా పంట పండుగ చేస్తారు. మెదక్ కేథడ్రల్ కరువు కాలంలో పని చేసినవాళ్లకు తిండి పెడుతూ కట్టించిన గుడి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. ఆ వైపు పల్లె సంఘాల్లో ఇప్పటికీ వడ్లు, జొన్నలు, కోళ్లు, గుమ్మడికాయలు ప్రథమ ఫలాలుగా తెస్తారు, ఆరాధన తర్వాత వేలం వేస్తారు. నగర చర్చిల్లో కూడా వేలం ఉంటుంది. ఒక సొరకాయ వెయ్యి రూపాయలకు పోయిందని సంతోషపడతారు. ఆ సొరకాయ ముందురోజు సూపర్ మార్కెట్లో కొన్నది.

ఈసారి పంట పండుగకు యవ్వనస్తులు ఆ కూరగాయలను తమ అమ్మమ్మల ఊరి నుంచి తేవచ్చు. తెచ్చేటప్పుడు ఆ చేను ఎవరిది, కౌలు ఎకరాకు ఎంత, కలుపు కూలి రోజుకు ఎంత, కిందటి పంటలో తరుగు ఎంత పోయిందన్నది అడిగి రాసుకుని రావచ్చు. చర్చిలో పెద్ద స్క్రీన్ ఎలాగూ ఉంది. వేలం మొదలయ్యే ముందు ఆ పది నిమిషాల వీడియో, ఆ మనిషి గొంతుతోనే, దాని మీద వేయొచ్చు.